ముప్పై ఏడా, నలభై ఒకటా

జనగామ
9 డిసెంబర్ 2024

సుజాత వదినెకు, కహ్కషాన్ సలాం.

మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నాను, మీరు ఎత్తడం లేదు. అన్న పోయిన తర్వాత జనగామ నుంచి ఎవరు చేసినా మీరు ఎత్తరని తెలుసు. తప్పు పట్టడం లేదు. ఉత్తరమైతే మనసు కుదిరినప్పుడు విప్పుకోవచ్చు కదా అని రాస్తున్నాను.

ముందు మంచి మాట చెప్తాను. పువ్వు వచ్చింది.

షేడ్ నెట్ కింద తూర్పు వరుసలో, 19-37 అని చీటీ ఉన్న కుండీలో. 2019లో అన్న తన చేత్తో పుప్పొడి అంటించి కట్టిన ముప్పై ఏడో కాయ అది. మీ వంటింట్లో ప్రెషర్ కుక్కర్ లాక్కుని సీసాలు ఉడికించి, ఆ పిండిలాంటి గింజల్ని సీసాల్లో చల్లి మొలిపించాడే, ఆ పంట. ఐదేళ్లకు మొదటి రెమ్మ వేసింది. రేకులు తెలుపు. పాల తెలుపు కూడా కాదు, ఉతికి ఆరేసిన మల్లు బట్ట తెలుపు. పెదవి మాత్రం లేత మామిడి పిందె రంగు. ఇన్నేళ్లలో మన దగ్గర ఇలాంటిది పూయలేదు.

హైదరాబాద్‌లో ఆర్కిడ్లు పెంచేవాళ్ల సంఘం ఉంది. దాని కార్యదర్శి హరీశ్ గారు వచ్చి చూశారు. అరగంట నిలబడిపోయారు. కొత్త సంకర జాతులకు పేర్లు నమోదు చేసే పద్ధతి ఉందట, దీనికి అన్న పేరే, 'ఇమ్మానుయేల్' అని పెట్టిద్దామన్నారు. వదినె, ఆ మాట విని నేను పక్కకు వెళ్లి గొట్టం కట్టేసే నెపంతో కాసేపు ముఖం కడుక్కున్నాను. మా అబ్బా అయితే ఆయన ముందే అనేశాడు: "పువ్వుకు గూడ ఆధార్ కార్డు కావాల్నా సారూ?"

ఫారం ఇందులో పెట్టాను. తల్లి మొక్క ఏది, తండ్రి మొక్క ఏది, ఎప్పుడు కలిపారు అని రాయాలి. అన్న లేడు కాబట్టి మీ సంతకం కావాలి. నా దగ్గరున్న పెద్ద రిజిస్టరు 34తో ఆగిపోయింది. తర్వాతి తొమ్మిది కాయల వివరాలు రాసుకున్న కాగితాలు చెదలు తినేశాయి కదా. అన్న ఆస్పత్రి నుంచి చివరిసారి ఫోన్ చేసినప్పుడు, "తొమ్మిదీ యాదికున్నయి. సుజాతకు చెప్తున్న, రాసుకుంటున్నది. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. ఆ నోట్‌బుక్కు మీ దగ్గరే ఉంటుంది. ఒకసారి పంపగలరా?

మీ
కహ్కషాన్


భూపాలపల్లి
4 జనవరి 2025

చెల్లె కహ్కషాన్‌కు,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. విప్పిందీ ఈ రోజే, చదివిందీ ఈ రోజే. ఏమనుకోకు.

ఇక్కడ హాస్టల్లో నూట ఎనభై మంది ఆడపిల్లలు. పొద్దున ఐదున్నరకు వేడినీళ్ల దగ్గర మొదలవుతుంది గొడవ. భాగ్యమ్మ అని వంటావిడ ఉంది, ఆమె లేకపోతే నేను ఎప్పుడో పారిపోయేదాన్ని. వార్డెన్ ఉద్యోగమంటే పిల్లల్ని చూసుకోవడం అనుకున్నాను. బియ్యం లెక్క, దుప్పట్ల లెక్క, హాజరు లెక్క చూసుకోవడమని వచ్చాక తెలిసింది. క్రిస్మస్ రోజు చర్చికి కూడా వెళ్లలేదు. వెళ్లాలనిపించలేదు, అంతే.

నోట్‌బుక్కు తీశాను. 37కు ఎదురుగా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: తల్లి ఆరో నంబరు మొక్క, తండ్రి పదకొండో నంబరు మొక్క, 2019 నవంబర్ 3, ఆదివారం. ఫారంలో కూడా అదే నింపి సంతకం పెట్టాను.

నోట్‌బుక్కు మాత్రం పంపను. అది నా దగ్గరే ఉండనీ.

తన పేరు పెడుతున్నారని తెలిస్తే ఆయన సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఈ వాక్యం రాసి, కొట్టేద్దామనుకుని, వదిలేశాను. ఫోటో పంపుతానని రాయలేదు, మంచిదైంది. పంపకు.

సుజాత


జనగామ
27 జనవరి 2025

వదినెకు,

ఫారం అందింది. మీ చేతిరాత చూసి చాలా రోజులైంది. సంతకం పెట్టడం మీకు ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోగలను.

ఇంకా పోస్టు చేయలేదు. హరీశ్ గారు రెండుసార్లు అడిగారు, నెలాఖరుకని చెప్పాను. పెద్ద రిజిస్టరు తిప్పి చూస్తే ఆరో నంబరూ, పదకొండో నంబరూ రెండూ ముదురు ఊదా మొక్కలు. ఊదాకు ఊదా కలిస్తే తెలుపు రాదని కాదు. ఎక్కడో ఒకటి రావచ్చు. అలా వచ్చినందుకే దీని విలువ ఇంకా ఎక్కువని హరీశ్ గారి వాదన. కావచ్చు.

మహబూబాబాద్‌లో బలరాం అన్న గుర్తున్నాడా? రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరైన ఆయన. వాళ్లది గూడూరు దగ్గర తండా. అన్నతో స్నేహంగా ఉండేవాడు. 2021 మార్చిలో అన్న ఆయనకు ట్రేల్లోంచి కొన్ని పిల్ల మొక్కలు చీటీలతో సహా ఇచ్చాడు. అవి కూడా ఇప్పుడు పూతకు వచ్చి ఉంటాయి. ఒకసారి వెళ్లి చూసి వద్దామనుకుంటున్నాను. ఊరికే, సరిచూసుకోవడానికి.

పనిలో పనిగా నోట్‌బుక్కులో 41 కూడా చూసి రాయండి. తొందరేం లేదు.

నాకు నడుము నొప్పి తగ్గలేదు. కుండీల్లో బొగ్గు ముక్కలు మార్చాల్సినవి నాలుగు వందలున్నాయి, రోజుకు ఇరవై దాటడం లేదు. మీరు మందులు వేసుకుంటున్నారా?

కహ్కషాన్


భూపాలపల్లి
15 ఫిబ్రవరి 2025

కహ్కషాన్‌కు,

41 ఎందుకు?

నువ్వు అడిగింది 37. చెప్పాను. సంతకం పెట్టమన్నావు, పెట్టాను. ఇప్పుడు మహబూబాబాద్ పోయి సరిచూస్తానంటున్నావు. నేను తప్పు రాసుకున్నానని అనుమానమా? 37 ఆయన నోటి నుంచి వచ్చింది వచ్చినట్టే రాశాను. కళ్లద్దాలు పెట్టుకుని నాలుగుసార్లు చూశాను. ఆరు, పదకొండు. అందులో రెండో మాట లేదు.

మిగతావి అడగకు. నాకు ఇక్కడ పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చాయి, నీళ్ల మోటారు కాలిపోయింది, పిల్లలను తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్లి వస్తున్నాను. పూల సంగతి ఆలోచించే తీరిక లేదు. ఓపిక కూడా లేదు.

కోపంతో రాస్తున్నాననుకోకు. అలసిపోయి రాస్తున్నాను. రెండూ ఒకేలా కనిపిస్తాయని ఆయన అనేవాడు.

సుజాత


మహబూబాబాద్ స్టేషన్
2 మార్చి 2025

వదినెకు,

జనగామ వైపు బండి గంటన్నర ఆలస్యమట. ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చుని, బలరాం అన్న మనవరాలి నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం మీద ఇది రాస్తున్నాను. ఇంటికెళ్తే మళ్లీ రాయలేనేమోనని భయం.

బలరాం అన్న ఇంటి వెనక వేపచెట్టు నీడలో తీగలు కట్టి కుండీలు వేలాడదీశాడు. మొత్తం ఎనిమిది. నేను మొక్కల వైపు చూడకుండా ముందు చీటీలు వెతికాను. ఒక్కటీ పోలేదు. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కింది, పైన నాచు పట్టింది. వేలితో రుద్దితే పెన్సిల్ రాత స్పష్టంగా కనబడింది. పెన్నుతో రాస్తే రెండు ఎండాకాలాలకే మాయమవుతుంది, అందుకే అన్న నాకు పెన్ను ముట్టనిచ్చేవాడు కాదు. ఆ రాత నాదే.

"చీటీలు తీసేయలేదా అన్నా?" అని అడిగాను.

"అమ్మో, తీస్తనా బిడ్డా! సారు కిరికిరి చేస్తుండె. చెట్టు సచ్చినా సరే చీటీ దియ్యద్దన్నడు. మా ఇంటామె రామి అయితే గీ ప్లాస్టిక్ ముక్కలేంది, జర మంచిగలేవు, తీసి పారెయ్యమని ఒకటే లొల్లి. నేను ముట్టనియ్యలే."

రామక్క లోపల్నుంచి నవ్వుతూనే, "పువ్వు జూస్తడా, చీటీ జూస్తడా అడుగు ఆయనను" అంది.

ఎనిమిదింటిలో ఐదు 19-37. వాటిలో మూడు పూసి ఉన్నాయి, మిగతా రెండూ పోయినేడు పూసినప్పటి ఫోటోలు ఆయన ఫోన్‌లో ఉన్నాయి. ఐదూ ముదురు ఊదా. తక్కిన మూడు 19-41. మూడూ తెలుపు. మామిడి పిందె రంగు పెదవి.

వదినె, మీరు తప్పు రాయలేదు. తప్పు నాది. నాలుగేళ్లుగా దాస్తున్నాను.

అన్నను ఆస్పత్రిలో చేర్చిన నాలుగో రోజు, 2021 మే 14. లాక్‌డౌన్‌లో షేడ్ నెట్ దగ్గర నేను ఒక్కదాన్నే. మధ్యాహ్నం గాలివాన వచ్చి పడమటి వైపు నెట్టు చిరిగి, రెండు ట్రేలు కిందపడ్డాయి. ఒకటి 37, ఒకటి 41. డెబ్బై పిల్ల మొక్కలు, వేలెడంత కూడా లేవు, చీటీలు ఒకవైపు, మొక్కలు ఒకవైపు బురదలో. ఏది ఏ ట్రేదో తెలిసే దారి లేదు. ఒక్కో దాన్నీ ఏరి, కడిగి, మళ్లీ నాటాను. తర్వాత చీటీలు కడిగాను. ముప్పై ఐదు ఇటు, ముప్పై ఐదు అటు గుచ్చేశాను. తోచినట్టు. రిజిస్టరులో ఆ తేదీకి "గాలివాన, నెట్టు చిరిగింది" అని మాత్రం రాశాను.

అన్నకు చెబుదామని ఆ సాయంత్రం ఫోన్ చేశాను. మీరు ఎత్తారు. "మాట్లాడలేడు" అన్నారు. వారం తిరగకుండానే మీరే ఫోన్ చేశారు. ఆ తర్వాత చెప్పాల్సిన మనిషే లేకుండా పోయాడు.

రెండేళ్ల నుంచి నాకు అనుమానంగానే ఉంది. ఊదా పూసే మొక్క కాడ మీద సన్నటి ఊదా నీడ ఉంటుంది. మన 19-37 కుండీలోని కాడ అంతా పచ్చగా ఉంది. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. హరీశ్ గారు అన్న పేరు ఎత్తిన తర్వాత అసలు చూడదలచుకోలేదు.

బండి వస్తోందని చెబుతున్నారు. మన తెల్ల పువ్వు 37 కాదు, 41. తల్లిదండ్రులెవరో మీ నోట్‌బుక్కులో ఉంటుంది. అది రాస్తే కొత్త ఫారం నింపుతాను. అన్న పేరు అన్నకే దక్కుతుంది. నన్ను తిట్టాలనుకుంటే అదే కాగితం మీద తిట్టండి.

కహ్కషాన్


జనగామ
20 ఏప్రిల్ 2025

వదినెకు,

ఏడు వారాలైంది. ఉత్తరం చేరలేదేమోనని మొదట అనుకున్నాను. చేరిందనే ఇప్పుడు అనుకుంటున్నాను.

ఎండలు ముదిరాయి. రోజుకు నాలుగుసార్లు తడిపినా మధ్యాహ్నానికి కుండీలు ఎండిపోతున్నాయి. తెల్ల పువ్వు రాలిపోయింది. మూడు నెలలకు పైగా నిలిచింది. రాలిన రేకులను ఊడ్చేయడానికి చేయి రాక రెండు రోజులు అలాగే ఉంచాను.

హరీశ్ గారు పాత ఫారమే పంపించమంటున్నారు. ఇప్పటిదాకా ఆపాను.

మీరు నాతో మాట్లాడకపోయినా సరే, నాకు అర్థమవుతుంది. 41 సంగతి మాత్రం ఒక కార్డు మీదైనా రాయండి.

కహ్కషాన్


భూపాలపల్లి
18 మే 2025

చెల్లె కహ్కషాన్‌కు,

పిల్లలు సెలవులకు వెళ్లిపోయారు. నూట ఎనభై ఇనుప మంచాలు, నేను. నీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎల్లుండికి ఆయన పోయి నాలుగేళ్లు.

నీ మీద కోపం లేదు. ట్రేలు పడ్డ సంగతి చదివి నిన్ను తిట్టుకోలేదు. నాకు ఒక్కటే అనిపించింది. నీది చెప్పేశావు, ఇక నాకు దాక్కునే చోటు లేదని.

నోట్‌బుక్కులో 41 లేదు.

ఆస్పత్రిలో ఆయనకు ఊపిరి అందడం లేదు. మాస్కు పెట్టారు. దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, ఒక మాట చెప్పి, మళ్లీ పెట్టుకునేవాడు. "సుజాతా, రాయి. ముప్పై ఐదు..." ఒక్కో నంబరుకు పావుగంట పట్టేది. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ తేదీ. నర్సు కసిరితే ఆగి, ఆమె వెళ్లగానే మొదలుపెట్టేవాడు. "రాసినవా?" "రాసిన." ముప్పై ఐదు, ముప్పై ఆరు, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది రాశాను. పక్క మంచం మీది మనిషిని అప్పుడే తీసుకెళ్లారు. అతని భార్య చెప్పులు అక్కడే మిగిలిపోయాయి.

అప్పుడు నాకు కోపం వచ్చింది కహ్కషాన్. ఇప్పటికీ చెప్పుకోలేనంత కోపం. ఇరవై రెండేళ్లు కాపురం చేశాను. మిగిలిన ఊపిరితో నాకు ఒక్క మాట చెప్పలేడా అనిపించింది. నువ్వు ఎట్లుంటవు, ఏం చేస్తవు అని అడగలేడా. ముప్పై తొమ్మిదికి తండ్రి ఎవరైతే నాకేంటి?

అంతటితో రాయడం ఆపేశాను. పెన్ను కాగితం మీద ఆడిస్తూ ఉన్నాను, అంతే. ఆయన చెబుతున్నాడు, నేను చేయి కదిలిస్తున్నాను. ముప్పై తొమ్మిది నుంచి నలభై మూడు వరకు ఐదు కాయలు, రెండు రోజులు. ఆ పేజీ నిండా గీతలే, అక్షరమంటూ లేదు. వినను కూడా లేదు. విని ఉంటే ఇప్పుడు ఒక్కటైనా గుర్తొచ్చేది. ఈ మార్చి నుంచి ప్రతి రోజూ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. మాస్కు కింద పెదవులు కదలడం కనబడుతుంది. మాట వినబడదు.

చివర్లో, "అయిపోయినయి. అన్నీ రాసినవా?" అన్నాడు. "అన్నీ రాసిన" అన్నాను. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ మాట్లాడలేదు. ఆయనతో నేనన్న ఆఖరి మాట అబద్ధం.

అందుకే నోట్‌బుక్కు పంపలేదు. అందుకే నీ ఫోన్ ఎత్తలేదు. జనగామ నుంచి ఎవరు ఫోన్ చేసినా ఈ పేజీయే అడుగుతారని భయం. నాలుగేళ్లకు నువ్వు నిజంగానే అడిగావు.

ఆయన పేరు పెట్టాల్సిన పువ్వును నేనే పోగొట్టాను. పాత ఫారమే పంపించాలనుకుంటే పంపించు. నా సంతకం దాని మీద ఉంది. నేను ఎవరికీ చెప్పను.

సుజాత


జనగామ
5 జూన్ 2025

వదినెకు,

మీ ఉత్తరం షేడ్ నెట్ కింద చదివాను. చదివి, గొట్టం అలాగే వదిలేసి, ఇంటికి వెళ్లి పడుకున్నాను. సాయంత్రం అబ్బా వచ్చి, "నీళ్లన్ని బయటికి పోతున్నయి, ఏమైంది బిడ్డా" అన్నాడు. లేచి వెళ్లి నీళ్లు కట్టేశాను.

పాత ఫారం పంపలేదు. నిన్న హరీశ్ గారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. మీ సంగతి కాదు, ట్రేల సంగతి. ఆయన అన్నారు, "మేడం, ముప్పై ఏడో నలభై ఒకటో ఎవరు చూడొచ్చారు? పువ్వు మీది, చేసిన మనిషి మీ మనిషి. పంపించేయండి." నేను వద్దన్నాను. తల్లిదండ్రులు తెలియని మొక్కకు పేరు నమోదు కాదు. కాకపోతే కాదు. పేరు కోసం అబద్ధం రాస్తే, ఆ పేరు అన్నది అవుతుంది, అబద్ధం కూడా అన్నదే అవుతుంది. ఆయన కొంచెం నొచ్చుకుని పెట్టేశారు.

పెద్ద రిజిస్టరులో 2021 మే 14 దగ్గర జరిగింది జరిగినట్టు రాసి ఈనాటి తేదీ వేశాను. డెబ్బైలో ఇప్పుడు బతికున్నవి యాభై మూడు. వాటి పాత చీటీలన్నీ తీసేశాను. పూసినవాటికి పువ్వును బట్టి నంబరు రాశాను, పూయనివాటికి "37 లేదా 41" అని రాశాను. మూడు రోజులు పట్టింది. చూడటానికి బాగోలేదు. అయినా ఇప్పుడు ఆ వరుసలో నడుస్తుంటే తల దించుకోవాల్సిన పని లేదు.

2019 నాటికే మన దగ్గరున్న పాత తెల్ల మొక్కలు నాలుగు. వాటిని ఒకదానితో ఒకటి కలిపి చూస్తే 41 తల్లిదండ్రులు తేలవచ్చు. ఐదేళ్లు పడుతుంది. నాకు అంత ఓపిక లేదు వదినె. ఉందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను.

మీ కోపం గురించి నేనేమీ అనలేను. ఆ గదిలో ఉన్నది మీరు. కానీ ఒక మాట అడగాలి, రాత్రంతా అదే తిరుగుతోంది.

అన్న దగ్గర పన్నెండేళ్లు చీటీలు రాశాను. ఆయన చెప్పడం, నేను రాయడం. "రాసిన" అంటే ఒక్కరోజు కూడా ఊరుకోలేదు. "చదువు" అనేవాడు. రాసింది గట్టిగా చదివి వినిపిస్తే తప్ప తర్వాతి నంబరుకు వెళ్లేవాడు కాదు. జ్వరంతో ఉన్నా అంతే, బస్సుకు టైమైపోతున్నా అంతే. ఒకసారి విసుగొచ్చి, "మీకు నా మీద నమ్మకం లేదా" అని ఏడ్చాను కూడా. "నీ మీద ఉన్నది బిడ్డా, చెవుల మీద లేదు" అన్నాడు.

ఆస్పత్రిలో మిమ్మల్ని చదవమన్నాడా?

కహ్కషాన్


భూపాలపల్లి
30 జూన్ 2025

చెల్లె కహ్కషాన్‌కు,

నీ ప్రశ్న చదివాక మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. భాగ్యమ్మ వచ్చి "మేడం, ఒంట్లో మంచిగుందా?" అని అడిగేదాకా ఎంతసేపైందో నాకు తెలియలేదు.

చదవమన్నాడు. ముప్పై ఐదుకు, "చదువు" అన్నాడు. చదివాను. ముప్పై ఆరు, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, నాలుగూ చదివాను. నేను రాయడం ఆపిన తర్వాత ఒక్కసారి కూడా చదవమనలేదు.

నాకిది ఇన్నేళ్లలో తట్టలేదు. ఊపిరి చాలక ఊరుకున్నాడేమో. కాని "రాసినవా" అనడానికి ఉన్న ఊపిరి "చదువు" అనడానికి చాలదా? నా చేతినే చూస్తూ ఉండేవాడు. అక్షరాలు రాసే చేయి ఎలా కదులుతుందో, ఊరికే ఆడే చేయి ఎలా కదులుతుందో ఆయనకంటే ఎవరికి తెలుసు? తెలిసే చెప్పుకుంటూ పోయాడా? చెప్పడం ఆపేస్తే నేను లేచి బయటికి వెళ్లిపోతానని అనుకున్నాడా? అప్పుడు నేను నిజంగానే లేచిపోయేదాన్ని. పెన్ను చేతిలో ఉంది కాబట్టి కూర్చున్నాను. రెండు రోజులు ఆయన పక్కనే కూర్చున్నాను.

ఏది నిజమో ఇక తేలదు. తేలకపోయినా, ఈ వారంలో రెండు రోజులు మాత్ర వేసుకోకుండా నిద్రపోయాను.

జూలై 12 రెండో శనివారం, నాకు సెలవు. పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి వస్తున్నాను. నోట్‌బుక్కు తెస్తున్నాను. ముప్పై ఐదు నుంచి ముప్పై ఎనిమిది వరకు నేను చదువుతాను, నువ్వు పెద్ద రిజిస్టరులో ఎక్కించు. ముప్పై తొమ్మిది నుంచి నలభై మూడు వరకు నేనే రాస్తాను. తల్లి తెలియదు, తండ్రి తెలియదు, ఆయన చెప్పాడు, నేను రాసుకోలేదు అని. ఐదు వరుసల్లోనూ అదే. కింద నా సంతకం. ఈ సంతకం పెట్టడానికి నాకు కష్టంగా లేదు.

ఓపిక లేదన్నావు, నాకూ లేదు. మళ్లీ కలపడం గురించి ఆ రోజు ఏమీ మాట్లాడుకోవద్దు. బొగ్గు ముక్కలు మార్చాల్సినవి ఇంకా ఉంటే చెప్పు, కూర్చుని చేసే పనైతే చేస్తాను. నీ నడుముకు ఇక్కడి దవాఖానలో ఒక నూనె ఇస్తున్నారు, తెస్తాను.

అన్నం మీ ఇంట్లోనే తింటాను. ఏదైనా వండు, వంకాయ మాత్రం వద్దు. ఇక్కడ వారానికి నాలుగు రోజులు అదే.

వదినె
సుజాత